నీలం గళ్ల అంగి

రాత్రి డ్యూటీ దిగి బూట్లు ఇప్పుతుంటే
ఫోన్ యాది చేసింది:
పద్నాలుగేండ్ల కింద ఇదే రోజు, అని.
నేను అడగలే. అదే తీసి చూపెట్టింది.

మనామాల, బాబ్ అల్ బహ్రెయిన్ ముంగట నేను.
నడుం మీద ఒక చెయ్యి,
ఎవనిదో తెల్లకారుకు ఆనీ ఆననట్టు.
ఆనితే మోగుతదని భయం.
మోకాళ్ల మీదికెల్లి తియ్యమన్న,
కిందికైతే సిమెంటు బూట్లున్నయి.
మీద మాత్రం
నీలం గళ్ల అంగి.

ఒక్కటి చూసి ఊకుండేటోళ్లు ఎవలు?
వేలు జరుపుతనే ఉన్న.
పోశెట్టి సముద్రం ఒడ్డుకు, చేతిల పెప్సీ డబ్బా, ఖాళీది.
అదే అంగి.
భోజన్న మోచేతుల దాకా మడిచిండు,
ఆయనకు పొడుగు సాలకపోయేది.
అదే.
మొయిన్ ఈద్ నాడు జేబు మీద అత్తరు ఒలకబోసుకున్నడు.
ఆ మరక ఉంటే ఈద్ ఎన్కటి ఫొటో,
లేకుంటే ముందటిది.
మా క్యాలెండర్ అదే.

సిత్రా క్యాంపుల పన్నెండు మంచాల రూము మాది.
స్టవ్వుకు వరుస, నల్లాకు వరుస,
శుక్రవారం అంగికి వరుస.
తలుపు ఎన్క సుద్దతోటి పేర్లు రాసుకున్నం.
తొడిగినోడే ఉతకాలె.
ఇస్త్రీ అంటే, మడిచి పరుపు కింద పెట్టుడు.
భోజన్న పరుపు కిందైతే
గీతలు కత్తి లెక్క పడేటియి.

ఇండ్ల కాడ మాత్రం
ఏ ఇంటికి ఆ ఇల్లే మురిసింది:
మావోడు మంచి అంగి కొనుక్కున్నడు.

పొద్దుగాల ఫొటో పెట్టిన.
'ఎవలదిరా ఈ అంగి?' అని రాసి
అందర్నీ గుంజిన దాంట్లకు.

మెట్‌పల్లిల ట్రాక్టర్ సామాన్ల దుకానం కెల్లి పోశెట్టి:
'నీదే గదనే.'
దోహా కెల్లి భోజన్న: 'మొయిన్‌ది.'
మొయిన్ రాయడు, మాటలే పంపుతడు:
'కసమ్ భాయ్, నేనచ్చేటాల్లకే అది మేకుకు ఏలాడుతుండె.'
రాజనర్సు కొడుకు రాసిండు:
'బాపుకు పక్షవాతమచ్చి మాట పడిపోయింది అంకుల్.
అంగి చూపిస్తే నవ్విండు.'
ఆ ఒక్కదానికి
ఏం రాయాల్నో తెల్వక
చానాసేపు ఫోన్ బోర్ల పెట్టిన.

మళ్ల డ్యూటీకి బస్సెక్కినంక
గులాబీ పువ్వు బొమ్మ పెట్టుకున్న ఒకామె,
గంగామణి, లింబాద్రి భార్య:

'అది నేను పంపిన.
ఆర్మూర్ల కొన్న, నాలుగు వందల ముప్పై.
ఇరువై తగ్గియ్యమంటే పది తగ్గిచ్చిండు.
పెండ్లిరోజుకు చేతికియ్యమని వచ్చేటాయనతోటి పంపితే
ముట్టింది, బిగుతైంది, దాసిపెట్టిన అన్నడు.
బోరు బండి మీద పోయిండు, రానీ ఇంటికి.
ఆయన తొడుక్కున్నది ఒక్కటన్న ఉంటే పెట్టు అన్నా.'

లింబాద్రి.
రూముల కెమెరా ఉన్న ఫోన్ ఆయనదొక్కటే.
'ఇటు జరుగు, గడ్డం ఎత్తు, ఇంట్లోల్లు చూస్తరు' అనేటోడు.
తలుపు ఎన్క సుద్దగీతల్ల
ఆయన పేరు ఉన్నట్టు నాకు యాది లేదు.
ఎవడూ అడగలే.
మేకుకు అంగి తగిలిచ్చి
ఆయన మాట్లాడకుంట కెమెరా పట్టుకున్నడు.

నూట పదహారు ఫొటోలు ఎతికిన.
ఆయన ఏ ఒక్క దాంట్ల లేడు.
ఆఖరికి నా దాని కాడికే మళ్లొచ్చిన.
తెల్లకారు అద్దంల ఏదో మసక.
రెండు వేళ్లతోటి పెద్దగ చేసిన:
చేతులెత్తి ఫోన్ పట్టుకున్న మనిషి,
ఒంటి మీద క్యాంపు డాంగ్రీ.
ఇంకింత పెద్దగ చేసిన.
మొఖం పోయింది, చేతులు పోయినయి,
బొమ్మంతా పలిగి
గళ్లు గళ్లయింది,
నీలం గళ్లు.

గంగామణికి అదే పంపిన.